ఉదాహరణకు మా కోడలు

మా అత్తగారు మడిచిపెట్టిన వార్తాపత్రికను విప్పి, మొదటి పేజీ ఎక్కడుందో వెతుక్కోవడంతో నా రోజు మొదలవుతుంది. తువ్వాళ్ళు, దిండు గలీబులు, కరెంటు బిల్లు, నా కూతురి ప్రోగ్రెస్ కార్డు, ఏదైనా సరే ఆవిడ చేతిలో పడిందంటే ముఖం లోపలికి, వీపు బయటికి వచ్చేస్తుంది. "అత్తయ్యా, పేపరు ఎవరైనా ఇలా మడుస్తారా?" అని పెళ్ళయిన కొత్తలో అడిగాను. "చెయ్యి అలా పోతుందమ్మా" అంది. తొమ్మిదేళ్ళయింది. చెయ్యి ఇంకా అలాగే పోతోంది.

ఆ చెయ్యి ఇరవై ఆరేళ్ళుగా ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తోంది. ఆసుపత్రి దుప్పటికి ఒక మూల నల్ల సిరాతో ముద్ర ఉంటుంది. ఇస్త్రీ వేడి మీద ఆ సిరా పక్క దుప్పటికి అంటుకోకుండా, మడతపెట్టేటప్పుడు ముద్ర లోపలికి వెళ్ళిపోవాలి. రోజుకు కొన్ని వందల దుప్పట్లు ఇలా మడిచే మనిషికి ఇంటికొచ్చాక పేపరొకటి, దుప్పటొకటి అని తేడా ఎందుకుంటుంది?

పెద్ద డాక్టరు మొదలుకొని గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అక్కడ అందరూ ఆవిడను దుప్పట్లమ్మ అంటారు. ఒకసారి పనిమీద వెళ్ళి ఆవిడ అసలు పేరు చెప్పి అడిగితే, అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరు పొమ్మన్నారు. దుప్పట్లమ్మ అనగానే ముగ్గురు లేచి దారి చూపించారు.

మాసిన దుప్పట్లను మిషన్లో వేసే ముందు ఒక్కొక్కటీ దులిపి చూడాలి. కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు, సెల్‌ఫోన్లు ఆ దులపడంలోనే బయటపడతాయి. ఆరేళ్ళ కిందట ఒకరోజు ఒక పుస్తకం రాలిపడింది. సమాజశాస్త్ర పరిచయం. నర్సింగ్ చదివే అమ్మాయెవరో వార్డులో ఖాళీ మంచం మీద పెట్టి మరిచిపోయినట్టుంది. పోయిన వస్తువుల రిజిస్టరులో దాని పేరు ఎక్కింది కానీ, పెట్టెలోకి మాత్రం పుస్తకం వెళ్ళలేదు. మూడు రోజులు మా అత్తగారి సంచిలో తిరిగింది. నాలుగో రోజు ఆ అమ్మాయి ఏడుపుమొహంతో పరుగెత్తుకొచ్చేసరికి ఈవిడ అరవై పేజీలు నమిలేసింది.

"ఇదిగో పాపా, నీ పుస్తకం. మళ్ళీ ఎప్పుడైనా పోగొట్టుకుంటే మా దగ్గరే పోగొట్టుకో" అని ఇచ్చిందట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నాతో అన్నమాట నాకింకా గుర్తుంది. "అమ్మాయీ, మన గురించి అంతా ఎవరో రాసేశారు తెలుసా? మనింటికి ఒక్కసారి కూడా రాలేదు. అయినా రాసేశారు!"

పదో తరగతితో ఆపేసిన చదువు మళ్ళీ అక్కడ అంటుకుంది. ప్రవేశ పరీక్ష రాసి, దూరవిద్యలో డిగ్రీకి కట్టింది. నా కూతురు అప్పటికి ఒళ్ళో పిల్ల. "ఈ వయసులో ఇదేమిటండీ?" అని మా ఆయన్ని అడిగితే, "చదువుకోనీ, మంచిదేగా" అన్నారు. వాళ్ళమ్మ వెళ్ళి, "నీ పెళ్ళానికి ఇష్టం లేదట్రా" అంటే, "అవునమ్మా, అదీ నిజమేగా" అన్నారట. మా ఆయన గోడ మీద పిల్లి. ఎటు దూకుతారో అని తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, దిగడమే లేదు.

చరిత్ర గట్టెక్కింది. భాషా పేపర్లు గట్టెక్కాయి. ఇంగ్లీషు కూడా ఎలాగో అంచుల మీద నడిచి దాటేసింది. ఏ పుస్తకం చూసి ఈ డిగ్రీలో చేరిందో ఆ పేపరు ఒక్కటే తప్పింది. మొదటిసారి ఇరవై ఎనిమిది మార్కులు, రెండోసారి ముప్పై ఒకటి. ముప్పై అయిదు వస్తే పాసు.

ఎందుకు తప్పిందో నాకు తెలుసు. పరీక్ష రాసి వచ్చిన ప్రతిసారీ భోజనాల దగ్గర ఏం రాసిందో చెప్పి వినిపించేది మరి.

"కుటుంబాన్ని నిర్వచించమన్నాడు. కుటుంబం అంటే ఒకే సబ్బు వాడేవాళ్ళు అని రాశాను. ఉదాహరణకు మా కోడలు వేరే సబ్బు వాడుతుంది. అయినా మా కుటుంబమే. కనుక నిర్వచనం పూర్తిగా సరిపోదు అని కూడా రాశాను."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మా ఆయన పళ్ళెంలోకి వంగిపోయారు.

"సామాజిక నియంత్రణ అంటే నోరెత్తకుండా మనిషిని దారిలో పెట్టడం. ఉదాహరణకు మా కోడలు చూసే చూపు."

"అత్తయ్యా!"

"ఇదిగో, ఇదే చూపు" అని కొడుక్కి చూపించింది.

సామాజిక స్తరీకరణ, అదే, మనుషుల్లో హెచ్చుతగ్గుల గురించి అడిగితే, స్పెషల్ రూముల దుప్పట్లు, జనరల్ వార్డు దుప్పట్లు ఒకే నీళ్ళలో తిరుగుతాయని, ఆరాక మళ్ళీ వేటి దొంతర వాటిదేనని రెండు పేజీలు రాసింది. ఆదివారాలు పాఠం చెప్పే మాస్టారికి ఆ మాట తెగ నచ్చిందట. ఆయన్ని మేం ఆదివారం మాస్టారు అనే అంటాం. మాస్టారికి నచ్చి ఏం లాభం? పేపరు దిద్దేది ఎక్కడో కూర్చున్న మనిషి. ఆ మనిషికి కావలసింది పుస్తకంలో ఉన్న మాట. మా అత్తగారి జవాబు మొదటి వాక్యం నుంచే మా ఇంట్లో తిరగడం మొదలుపెట్టేది.

ఈ ఏడాది మొదట్లో ఆదివారం మాస్టారు అసలు సంగతి చెప్పారు. చేరిన ఆరేళ్ళలోగా అన్ని పేపర్లూ పూర్తి కావాలి. ఈసారి తప్పితే రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. పాసైన పేపర్లు కూడా నీళ్ళలో కలిసినట్టే, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంటే ఇక తాడో పేడో ఈ ఒక్క పరీక్షతో తేలిపోతుంది.

ఆ ఆదివారం ఆవిడ ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. ఉతికిన బట్టలే మళ్ళీ తీసి మడిచింది. మా అత్తగారు మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. చూసి చూసి నేనే అన్నాను, "రేపటి నుంచి నేను చెప్తాను. ఏడు నుంచి ఎనిమిది. నేను చెప్పినట్టు వినాలి."

గొప్ప అనుకోకపోతే, డిగ్రీలో నాది ఫస్టు క్లాసు. సమాజశాస్త్రం ఒక సబ్జెక్టు. పుస్తకంలో ఏముందో అర్థం కాలేదు గానీ, నిర్వచనాలు మాత్రం కామాలతో సహా ఇప్పటికీ అప్పజెప్పగలను.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి. వాషింగ్ మెషిన్లు తయారుచేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగం. మిషన్ పాడైన ప్రతివాళ్ళూ ముందు మిషన్ని తిట్టుకుని, తర్వాత ఫోన్ తీసి నన్ను తిడతారు. నేను ఎనిమిది గంటలసేపు "తప్పకుండానండీ, అర్థమైందండీ" అనాలి. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఆఫీసులో దాన్ని మూటగట్టి బల్ల కింద పెట్టి, సాయంత్రం మళ్ళీ ఇంటికి మోసుకొస్తాను. స్కూటర్ ఆపి, కింద కాస్త ఊపిరి పీల్చుకుని, మూడో అంతస్తుకు ఎక్కుతాను. తలుపు దగ్గరే వేడి టీ గ్లాసు చేతికందుతుంది. అది మాత్రం కాదనను.

కానీ నాకు ఒక కడుపుమంట ఉండేది. మా అపార్ట్‌మెంట్లో పిల్లలందరూ తల్లి బండి చప్పుడు వినగానే మెట్ల మీద దడదడమంటూ కిందికి వచ్చేస్తారు. రెండో అంతస్తు కవలలైతే లిఫ్టు కోసం కూడా ఆగరు. నా కూతురు ఒక్కతే రాదు. ఒకసారి తల ఎత్తి చూశాను. వంటింటి కిటికీలో పిల్ల మొహం కనపడింది, వెంటనే ఒక చెయ్యి దాన్ని వెనక్కి లాగింది. వంటింట్లో లైటు కూడా లేదు. పొద్దుగూకినా లైటు వేయకపోవడం ఆవిడ పొదుపు అనుకున్నాను. పిల్లను లాగడం ఏమిటో మాత్రం నాకు బాగానే తెలుసుననుకున్నాను. తను డ్యూటీ నుంచి వచ్చింది మొదలు పిల్ల తన దగ్గరే ఉంటుందిగా, తల్లి దగ్గరికి పోనివ్వబుద్ధి కాదు. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా అని పళ్ళు నూరుకున్నాను. అడగలేదు. అడిగితే గొడవ, అడక్కపోతే అరగదు. అదీ నా పరిస్థితి.

సరే, పాఠాలు మొదలయ్యాయి. భోజనాల బల్లకు ఇటు నేను, అటు ఆవిడ. ఏడు కొట్టగానే ఆవిడ నన్ను "మీరు" అనడం మొదలుపెట్టేది. ఎనిమిదింటికి మళ్ళీ "నువ్వు."

"టీచర్ గారూ, ఒక సందేహం."

"ముందు నిర్వచనం. తర్వాత వివరణ. ఉదాహరణ రెండు మార్కులకి. మీరు దానికే రెండు పేజీలు ఇస్తున్నారు. అందుకని ఈసారి ఉదాహరణలు వద్దు. అసలే వద్దు. ముఖ్యంగా నేను వద్దు."

"మీరు లేకుండా సమాజం ఎలా టీచర్ గారూ?"

"అత్తయ్యా, పుస్తకం చూడండి."

నిర్వచనం మాత్రం ఆవిడ బుర్రలో నిలిచేది కాదు. 'పాత్ర సంఘర్షణ' దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాం. ఒకే మనిషి మోయాల్సిన రెండు మూడు పాత్రలు ఒకదానికొకటి అడ్డం పడటం అని అర్థం చెప్తే తల ఊపేది. పుస్తకంలో మాటల్లో చెప్పమంటే సగంలో తప్పిపోయి, ఎక్కడో లాండ్రీలో తేలేది. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. అయిదో రోజు నాకు ఒళ్ళు మండి, ఆఫీసులో అనలేని మాటలన్నీ కలిపి అరిచాను. ఇంత చిన్న వాక్యం నోటికి రాకపోతే ఇంక డిగ్రీ ఎందుకన్నాను. అనకూడని మాటే. నా కూతురు పెన్సిలు వదిలేసి నా మొహం చూసింది.

మా అత్తగారు కాసేపు తన అరచేతుల్లోకి చూసుకుంది. "నాకు నోటికి రాదు టీచర్ గారూ. చేతికొస్తుంది" అంది.

మర్నాడు లేచి పక్కగదిలోంచి ఒక దుప్పటి తెచ్చింది. ఒక అంచు నా చేతికిచ్చింది. దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. అటు ఒకరు, ఇటు ఒకరు, దగ్గరికి రావడం, దూరం వెళ్ళడం. ఆవిడ మొదటి మడత వేస్తూ, "ఒకే వ్యక్తి" అంది. రెండో మడతకు, "ఏక కాలంలో నిర్వహించవలసిన పాత్రల మధ్య." మూడో మడతకు, "పరస్పర విరుద్ధమైన ఆశింపులు ఎదురైనప్పుడు." నాలుగో మడత వేసి చేత్తో అదిమి, "కలిగే ఒత్తిడిని పాత్ర సంఘర్షణ అంటారు."

ఒక్క మాట పొల్లుపోలేదు. ముద్ర లేని దుప్పటే అయినా, అంచు మీది పువ్వులు లోపలికి వెళ్ళిపోయాయి.

ఆ నెలంతా లాండ్రీలో ఇదే పని. ఆవిడతో కలిసి దుప్పట్లు మడిచే జోడీ ఒకావిడ ఉంది. ఒకరోజు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్తే నా కళ్ళతో నేనే చూశాను. లోపల ఆవిరి, మిషన్ల హోరు. ఆ హోరులో ఇద్దరాడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, దుప్పటి అంచులు పట్టుకుని ముందుకొస్తూ వెనక్కి పోతూ, "ప్రాథమిక సమూహం అనగా" అని ఒకరు, "ముఖాముఖి సంబంధాలు కలిగిన" అని ఇంకొకరు. ఇస్త్రీ మిషన్ దగ్గరి మనిషి మధ్యలో ఆపి, "అక్కా, ముఖాముఖి తర్వాత 'సన్నిహిత' వదిలేశావు" అని దిద్దాడు. నాకు నవ్వాగలేదు. ఫస్టు క్లాసులో పాసైన నాకు కూడా ఇంత గుర్తు లేదు.

"మీ అత్తగారు పాసవుతుందో లేదో గానీ, నేను మాత్రం అయిపోతానమ్మా" అంది జోడీ.

పరీక్ష రోజున స్కూటర్ మీద నేనే దింపాను. మూడు గంటలూ బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ప్రశ్నపత్రం చదవగానే ఆవిడ కళ్ళు మూసుకుని, గాల్లో చేతులాడిస్తూ దుప్పట్లు మడిచిందట. కాపలా ఉన్న టీచరమ్మ రెండుసార్లు వచ్చి, ఒళ్ళో చీటీలేమైనా ఉన్నాయేమో చూసి వెళ్ళిందట.

"ఏమీ లేవమ్మా, దుప్పటి" అందట ఈవిడ. టీచరమ్మ ఇంకా కంగారు పడింది.

బయటికొచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది. "నిర్వచనాలన్నీ పడ్డాయి అమ్మాయీ. చోటు చాలక ఎడిషనల్ పేపరు కూడా తీసుకున్నా. పాత్ర సంఘర్షణ అందులో రాశా."

"ఉదాహరణలు?"

నీళ్ళు నమిలింది.

"అత్తయ్యా, ఉదాహరణలు రాశారా?"

"ఒక్కటే. చిన్నది. చివర్లో."

దారంతా మూతి ముడుచుకునే బండి నడిపాను. హెల్మెట్ ఉంది కాబట్టి నా మొహం ఆవిడకి కనపడలేదు.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. ముప్పై మూడు. రెండు మార్కులు తక్కువ.

ఫోన్లో నేనే చూసి చెప్పాను. "ఓహో" అంది. మర్నాడు ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్ళింది. ఎప్పటిలాగే కూరలు తరిగింది, పిల్లకు జడ వేసింది. పుస్తకాన్ని మాత్రం అలమరలో అందరికీ కనపడే చోటి నుంచి తీసి, పై అరలో అట్ట లోపలికి తిప్పి పెట్టింది. నేను ఊరుకుంటే నా పేరేముంది? "ఉదాహరణ రాయొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అన్నాను. ఆవిడ అవునన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడంతో నాకు రెండు రోజులు తిన్నది అరగలేదు.

ఆదివారం మాస్టారే దారి చెప్పారు. దిద్దిన జవాబుపత్రం నకలు తెప్పించుకోవచ్చట. "ఎక్కడ పోయాయో చూసుకుంటే మనసుకైనా తృప్తి" అన్నారు. నేనే దరఖాస్తు రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించి పంపాను. పదిహేను రోజులకు పోస్టులో కవరు వచ్చింది. ఆ రోజు నాకు సెలవు. ఆవిడ డ్యూటీలో ఉంది. బల్ల ముందు కూర్చుని, తప్పు పట్టుకుందామనే విప్పాను. ఆవిడది కాదు, దిద్దినవాళ్ళది.

నిర్వచనాలన్నీ పొందిగ్గా, ఒక్కో మడతకు ఒక్కో వరస చొప్పున ఉన్నాయి. ఒక్కో జవాబు పక్కనా అయిదు, ఆరు, ఏడు అని మార్కులు. చివర్లో ఎడిషనల్ పేపరు నకలు. పాత్ర సంఘర్షణ. పది మార్కుల ప్రశ్న. నిర్వచనం కామాలతో సహా నేను చెప్పినట్టే ఉంది. వివరణ ఉంది. దాని కింద ఇలా ఉంది:

"ఉదాహరణకు మా కోడలు. ఆమె ఆఫీసులో రోజంతా ఫోన్లో ఇతరుల కోపం వింటుంది. తిరిగి కోప్పడకూడదు. అది ఉద్యోగ పాత్ర. ఇంటికి వచ్చాక తల్లి, భార్య, కోడలు. ఇప్పుడు నాకు టీచరు కూడా. ఇంట్లో అందరం ఆమె కోసం కాచుకుని ఉంటాము. ఆమె కింద స్కూటర్ ఆపి, హెల్మెట్ తీయకుండా అయిదు నిమిషాలు దాని మీదే కూర్చుంటుంది. మా వంటింటి కిటికీ నుంచి కనిపిస్తుంది. ఆ అయిదు నిమిషాలు ఆమె ఎవరికీ ఏమీ కాదు. మా మనవరాలు కిందికి పరుగెత్తబోతే నేను పట్టుకుంటాను. లైటు వేస్తే ఆమె పైకి చూస్తుంది, అందుకని వేయను. ఆమె హెల్మెట్ తీశాక టీ పెడతాను. పాత్ర సంఘర్షణ తగ్గడానికి పుస్తకంలో నాలుగు మార్గాలు ఇచ్చారు. వాటిలో ఇది లేదు."

నేను ఏడ్చాను. దాచడమెందుకు, ముక్కు చీదుకుంటూ బాగానే ఏడ్చాను. ఆ అయిదు నిమిషాల సంగతి నేను మా అమ్మతో కూడా అనలేదు. నాకే సరిగ్గా తెలియదు. కాస్త ఊపిరి పీల్చుకోవడం అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడకి మాత్రం ఎన్ని నిమిషాలో తెలుసు. నా పిల్లను నా దగ్గరికి రానివ్వడం లేదని ఏళ్ళ తరబడి మనసులో తిట్టుకున్న చెయ్యి, రోజూ నాకు అయిదు నిమిషాలు కాపలా కాస్తోంది.

మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చూస్తే అప్పుడు వెలిగింది. ఆ పేజీ మీద దిద్దినట్టు ఒక్క గీత లేదు. మార్కు లేదు. సున్నా కూడా లేదు. మధ్యలో మడత గీత ఒక్కటే నల్లగా పడింది. నకలు తీసినవాళ్ళు మడత విప్పి తీశారు గానీ, దిద్దినవాళ్ళు ఆ పేజీ చూడనే లేదు.

సాయంత్రం ఆవిడ రాగానే పాత పేపరు ఒకటి చేతిలో పెట్టాను. "అత్తయ్యా, ఎడిషనల్ పేపరు దారంతో ఎలా కట్టారో చూపించండి."

"ఎలా ఏముందమ్మా, మడిచి కట్టాను." చేతులు వాటంతట అవే కదిలాయి. రాత ఉన్న పేజీ లోపలికి వెళ్ళిపోయింది. తెల్ల పేజీలు బయటికొచ్చాయి. దిద్దే మనిషి ఖాళీ కాగితం కట్టారనుకుని వదిలేశాడు.

ఇద్దరం ఆ మడత వంక చూశాం. ఆవిడ మెల్లిగా నాలుక కరుచుకుంది. "ముద్ర లోపలికి పెట్టేశానే" అంది.

మడతలతో చదవనిచ్చిన టీచరును నేనే కదా. కోప్పడటానికి నాకు మొహం లేదు. "ఉదాహరణ చదివాను" అన్నాను.

ఆవిడ తేలు కుట్టిన దొంగలా అటు తిరిగింది. "వద్దన్నారుగా టీచర్ గారూ. తప్పయిపోయింది."

"ఇంకా ఏడు కాలేదు. నువ్వు అనండి."

నువ్వు అనండి ఏమిటో, నాకే నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. అంతకుమించి దాని గురించి మేం మాట్లాడుకోలేదు. మా ఇంట్లో పొట్లాటలకైతే మాటలు పుష్కలం, ఇలాంటివాటికి దొరకవు.

మాస్టారు చెప్పినట్టు, దిద్దని జవాబు దిద్దమని మళ్ళీ దరఖాస్తు పంపాం. ఫలానా రోజున ఫలితం కంప్యూటర్లో పెడతామని జవాబొచ్చింది. ఆ రోజు ఆవిడ పొద్దున్నే, "వస్తే వస్తుంది, పోతే పోతుంది" అని నాలుగుసార్లు అంది. పేపరు మూడుసార్లు మడిచింది.

ఆఫీసులో సాయంత్రం అయిదింటికి తెరిచి చూశాను. అటువైపు ఫోన్లో ఎవరో మిషన్ తిరగడం లేదని తిడుతున్నారు. "చాలా సంతోషమండీ" అన్నాను. ఆయన ఇంకో పది నిమిషాలు తిట్టాడు. ఇంటికి ఫోన్ చేయలేదు. ఈ మాట ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. ఫోన్లో నేను చెప్పేవన్నీ ఆఫీసు మాటలే.

స్కూటర్ ఆపాను. హెల్మెట్ తీయకుండా, అలవాటు చొప్పున అలాగే కూర్చున్నాను. అప్పుడు తల ఎత్తి కిటికీ వంక చూశాను. లైటు లేదు. చీకట్లో ఆవిడ నిలబడి ఉంది. ఒక చెయ్యి పిల్ల భుజం మీద, ఇంకో చెయ్యి కిటికీ ఊచ మీద. ఫలితం వచ్చే రోజని ఆవిడకి తెలుసు. నా దగ్గర కబురుందనీ తెలుసు. ఆరేళ్ళ చదువు నా సంచిలో ఫోన్లో ఉంది. అయినా కేక వేయలేదు, ఫోన్ చేయలేదు, పిల్లను వదల్లేదు. నా అయిదు నిమిషాలు అయ్యేదాకా ఆగుదామని నిలబడింది.

నేను అయిదు నిమిషాలు కూర్చోలేదు. స్కూటర్ మీదే నిలబడినంత పని చేసి, "అత్తయ్యా! పాసయ్యారు!" అని అరిచాను.

రెండో అంతస్తు కవలలు బాల్కనీలోకి వచ్చారు. వంటింట్లో లైటు వెలిగింది. మా అత్తగారు కిటికీలోంచి సగం బయటికి వంగింది.

"హెల్మెట్ తీసి చెప్పవే! ఏమీ వినపడలేదు!"

హెల్మెట్ తీశాను. "పాసయ్యారు! నలభై ఒకటి! ఆ ఒక్క జవాబుకే ఎనిమిది వేశారు!"

ఆవిడ చెయ్యి పిల్ల భుజం మీంచి లేచి తన నోటికి అడ్డం వెళ్ళింది. వదలడమే తడవు, నా కూతురు మూడంతస్తుల మెట్లూ దడదడమని దిగి, వచ్చి నా నడుం చుట్టేసుకుంది. అపార్ట్‌మెంట్ అంతా బాల్కనీల్లోకి వచ్చి చూస్తోంది. పై నుంచి మా అత్తగారు మళ్ళీ పిలిచింది.

"ఉదాహరణకు ఎన్ని వేశారమ్మాయీ?"